కుర్చీ కదల్లేదు... కడుపులో తిప్పింది!

దుండిగల్, గండిమైసమ్మ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఆకాశంలోకి తలెత్తి చూడటం ఎప్పుడో మానేశారు. సెలవు రోజులు తప్పిస్తే తెల్లారగానే నెత్తిమీద 'గుయ్‌య్‌'మంటూ చప్పుడు మొదలవుతుంది. ఒకటి పోగానే ఇంకొకటి. టీ కొట్టు దగ్గర నిలబడ్డ కొత్తవాళ్లు మాత్రమే గ్లాసు చేత్తో పట్టుకుని పైకి చూస్తారు. ముక్కున పంకా తిరుగుతూ ఓ చిన్న విమానం. అందులో ముందు సీట్లో కూర్చున్నది బహుశా నిన్నమొన్నటిదాకా డిగ్రీ చదివిన కుర్రాడో, అమ్మాయో! వెనక సీట్లో గురువుగారు.

ఈ వారం 'చూసొద్దాం' మజిలీ ఆ విమానాలు లేచే చోటే. దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ. భారత వైమానిక దళంలో ఆఫీసరు కావాలంటే దాదాపు అందరూ తొక్కాల్సిన గడప ఇది. 1971లో ఇక్కడ శిక్షణ మొదలైంది. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్‌లు దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా ఆఫీసర్ హోదా అందుకున్నదీ ఈ పరేడ్ మైదానంలోనే. హైదరాబాద్ పక్కనే ఉన్నా మామూలు జనానికి లోపలికి ప్రవేశం ఉండదు. అందుకే ఓ డిగ్రీ కాలేజీ ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ విద్యార్థుల బృందానికి అనుమతి దొరికిందనగానే వారం రోజుల ముందునుంచే పిల్లలకి నిద్ర లేదు. బూట్లకి పాలిష్ పెట్టిందే పెట్టారు.

గేటు దగ్గరే సెల్‌ఫోన్లన్నీ ఓ పెట్టెలోకి పోయాయి. సగం మంది మొహాలు వాడిపోయాయి. ఫొటోలు దిగకపోతే వెళ్లొచ్చినట్టు ఊళ్లో ఎవరు నమ్ముతారు మరి!

లోపల మొదట కనిపించేది విమానాలు కాదు... శుభ్రత. చెట్ల మొదళ్లకి సున్నం, రోడ్డు మీద ఆకు పడితే ఒట్టు. క్యాడెట్లు ఎటు వెళ్లినా బారులు తీరే. హ్యాంగర్ దగ్గర నిలబెట్టిన పిలాటస్ విమానాన్ని దూరం నుంచి చూపించారు. స్విట్జర్లాండ్‌లో తయారైన పీసీ-7 మార్క్ టూ అన్నమాట. 700 హార్స్‌పవర్ టర్బోప్రాప్ ఇంజను, ఒకదాని వెనక ఒకటిగా రెండు సీట్లు. 2012లో ఇలాంటివి 75 కొనడానికి ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది మే 31న దుండిగల్‌లోనే దళంలోకి లాంఛనంగా చేర్చుకున్నారు.

పిల్లలు ఎదురుచూస్తున్నది మాత్రం ఆ తర్వాతి గది కోసం.

చల్లగా ఏసీ. చీకటి. మధ్యలో విమానం ముందు భాగాన్ని కోసి తెచ్చి పెట్టినట్టు ఓ కాక్‌పిట్. దాని చుట్టూ తెర. తెర మీద పచ్చటి పొలాలు, చెరువులు, అల్లంత దూరంలో రన్‌వే. అదే సిమ్యులేటర్. పక్కనే కంప్యూటర్ల ముందు కూర్చున్న సార్జెంటుది శ్రీకాకుళం జిల్లా. పిల్లల మాటలు వినగానే ఆయన మొహం విప్పారింది.

''ఏటి, మనోళ్లేనా? రండి రండి. ముందు ఎవులు తమ్ముడూ?''

అందరికన్నా ముందు చెయ్యెత్తినవాడికి ఫోన్లో విమానాల ఆటలన్నీ కంఠతా వచ్చు. 2019లో వైమానిక దళమే ఓ మొబైల్ గేమ్ విడుదల చేసింది కదా... దాంట్లో మనవాడికి ఎదురులేదట. ఠీవిగా కూర్చున్నాడు. బెల్టులు బిగించారు. కుడిచేతికి స్టిక్, ఎడమచేతికి ఇంజను శక్తిని పెంచే లీవరు, కాళ్ల కింద రడ్డర్ పెడళ్లు.

లీవరు ముందుకి తొయ్యగానే విమానం రన్‌వే మీద సూటిగా పోకుండా పక్కకి లాగడం మొదలెట్టింది. పంకా తిరిగే విమానాలన్నిటికీ ఉన్న జబ్బే అది. శక్తి పెంచేకొద్దీ ముక్కు ఓ పక్కకి పోతుంది. కాలితో పెడల్ నొక్కి సర్దుతూ ఉండాలి. ఫోన్ ఆటలో కాళ్లతో పనేముంది! మనవాడి కాళ్లు ఉన్నచోటే ఉన్నాయి. విమానం గడ్డిలోకి దిగింది.

రెండోసారి లేచింది. లేవగానే ముక్కు మరీ పైకి పోయింది. భయపడి స్టిక్ ముందుకి తోశాడు. మరీ కిందికి పోయింది. మళ్లీ లాగాడు. ఇంకా పైకి. చూసేవాళ్లకి తెర మీద భూమి, ఆకాశం ఉయ్యాల ఊగుతున్నాయి.

''తమ్ముడూ, అది లారీ స్టీరింగ్ కాదురా బాబూ. రెండేళ్లతో పట్టుకో చాలు. దానంతటది ఎగర్తాది, నువ్వు అడ్డం పడకు!''

కొత్తగా చేరిన క్యాడెట్లందరూ చేసే తప్పు ఇదేనని చెప్పారు అక్కడున్న ఇన్‌స్ట్రక్టర్. చేత్తో స్టిక్ కదిపిన క్షణానికి, విమానం స్పందించే క్షణానికి మధ్య చిన్న వ్యవధి ఉంటుంది. ఆ కాసేపు ఓపిక పట్టలేక ఇంకాస్త లాగుతారు. రెండు లాగుళ్లూ కలిసి వచ్చేసరికి ఎక్కువైపోతుంది. బిగుసుకున్న పిడికిలి వదులు కావడానికే కొందరికి చాలా రోజులు పడుతుందట.

ఈలోగా మన హీరో మొహం పాలిపోయింది. తల తిరుగుతోందన్నాడు. చిత్రం ఏమిటంటే... కుర్చీ అంగుళం కూడా కదల్లేదు! కదిలింది తెర మీది బొమ్మ మాత్రమే. ''ఒరిగిపోతున్నావు'' అని కళ్లు చెబుతాయి. ''లేదు, నిటారుగానే ఉన్నావు'' అని చెవి చెబుతుంది. ఇద్దరి మధ్య తగాదాలో నలిగేది కడుపు. బస్సులో పుస్తకం చదివితే వాంతి వచ్చేదీ ఇందుకే, కాకపోతే అక్కడ వ్యవహారం తిరగబడుతుంది. చెవి కదలిక ఉందంటుంది, కళ్లు లేదంటాయి.

నవ్వులాటగా అనిపించే ఈ చెవి గొడవే పైలట్ల పాలిట అసలు శత్రువు. లోచెవిలో మూడు సన్నటి అర్ధచంద్రాకారపు గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరిగితే ద్రవం కాస్త ఆలస్యంగా కదులుతుంది. ఆ తేడాని బట్టే తిరుగుతున్నామని మెదడుకు తెలుస్తుంది. కానీ విమానం ఒకే తీరున పావు నిమిషం పైగా మలుపు తిరుగుతూ ఉంటే ఆ ద్రవం కూడా దాంతో సమానంగా తిరగడం మొదలెడుతుంది. ఇక తేడా లేదు. మలుపు ఆగిపోయిందని చెవి సర్టిఫికెట్ ఇచ్చేస్తుంది. బయట కొండో, చెరువో కనిపిస్తుంటే ఫర్వాలేదు, కళ్లు కాపాడతాయి. మబ్బులోకి దూరితే?

సార్జెంటు ఓ మీట నొక్కారు. తెర మొత్తం తెల్లగా అయిపోయింది. పొలాలు లేవు, చెరువులు లేవు. రెండోవాడు సీట్లో ఉన్నాడు. తిన్నగానే పోతున్నానని వాడి ధీమా. ఎదురుగా ఉన్న డయల్లో మాత్రం విమానం ఎడమవైపు వాలి, మెల్లగా ఎత్తు కోల్పోతోంది. డయల్ చూడమని ఎవరూ చెప్పలేదు, వాడూ చూడలేదు. మబ్బు తొలగేసరికి తెర నిండా చెట్లే!

1954లో అమెరికాలోని ఇల్లినాయీ విశ్వవిద్యాలయంలో నిజం విమానంతోనే ఇలాంటి పరీక్ష చేశారు. పరికరాలు చూసి నడపడంలో శిక్షణ లేని 20 మందిని, బయటేమీ కనిపించని పరిస్థితిలో పెట్టారు. పక్కన నిపుణుడు ఉన్నాడు కాబట్టి ప్రాణాలకేమీ కాలేదు. ఇరవైకి ఇరవై మందీ అదుపు తప్పారు. అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. అంటే మూడు నిమిషాలు కూడా కాదు.

'నీ ఒంటిని నమ్మకు, డయల్‌ని నమ్ము' అన్న పాఠం పుస్తకం చదివితే ఎక్కేది కాదు. ఓసారి చెట్లలోకి వెళ్లొస్తే ఎక్కుతుంది. అదీ ఉత్తుత్తి చెట్లలోకి.

హార్మోనియం తిత్తుల్లోంచి పుట్టింది

ఇలా ఉత్తుత్తి విమానం కట్టాలన్న ఆలోచన ఎవరిదో తెలుసా? సంగీత వాయిద్యాలు చేసేవాడిది! పేరు ఎడ్విన్ లింక్. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ ఊళ్లో వాళ్ల నాన్నకి ఆర్గాన్లు, పియానోలు తయారుచేసే కర్మాగారం ఉండేది. లింక్‌కి విమానం నేర్చుకోవాలని పిచ్చి. నేర్చుకోవడానికయ్యే ఖర్చు చూస్తే గుండె గుభేల్. మన హార్మోనియంలో ఉన్నట్టే ఆర్గాన్‌లోనూ గాలి నింపే తిత్తులుంటాయి కదా... వాటినే ఓ చెక్క డబ్బా కింద అమర్చాడు. లోపల కూర్చుని స్టిక్ కదిపితే తిత్తులు ఉబ్బుతూ తగ్గుతూ డబ్బాని అటూఇటూ వంచుతాయి. 1929కల్లా తయారైంది. పైలట్లెవరూ పట్టించుకోలేదు. తిరునాళ్లలో రంగులరాట్నం పక్కన పెట్టి, డబ్బులిచ్చినవాళ్లని ఎక్కించే వస్తువుగానే కొన్నాళ్లు బతికింది.

1934లో కథ మారింది. అమెరికాలో ఉత్తరాలు మోసే పని సైనిక విమానాలకి అప్పగించారు. చలికాలం, మంచు, రాత్రివేళలు. పరికరాలు చూసి నడిపే అలవాటు లేని పైలట్లు కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది సైన్యానికి లింక్ డబ్బా. ముందు ఆరు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పదివేలకు పైగా తయారయ్యాయి. లక్షల మంది ఆ నీలిరంగు డబ్బాలో కూర్చున్నాకే ఆకాశంలోకి వెళ్లారు.

చావులు చూశాకే బుద్ధి రావడం అమెరికాకే పరిమితం కాదు. మన దగ్గర 1982లోనే లా ఫాంటేన్ కమిటీ ఓ మాట చెప్పింది. నెమ్మదిగా పోయే శిక్షణ విమానం మీద నేర్చుకున్న కుర్రాడిని నేరుగా మిగ్-21 లాంటి వేగవంతమైన ఫైటర్‌లో కూర్చోబెట్టొద్దు, మధ్యలో ఓ ఆధునిక జెట్ శిక్షణ విమానం కావాలి అని. హైస్కూలు లేకుండా ఐదో తరగతి నుంచి కాలేజీకి పంపితే ఎలా ఉంటుందో, అప్పటి పద్ధతి అలా ఉండేది. ఆ విమానం, బ్రిటన్ హాక్, కొనడానికి సంతకాలు పడింది 2004లో. బీదర్‌లో దళంలో చేరింది 2008లో. కమిటీ చెప్పాక ఇరవై ఆరేళ్లకన్నమాట! ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో 2012లో రక్షణ మంత్రి ఏకే ఆంటోనీ రాజ్యసభలో చెప్పిన లెక్క చూస్తే తెలుస్తుంది. మొత్తం 872 మిగ్ విమానాల్లో 482 కూలిపోయాయి. 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు ప్రాణాలు కోల్పోయారు. అన్నీ శిక్షణ లోపంతోనే కూలాయనలేం. కానీ ఓ ఫైలు బల్లల మీద తిరుగుతూ ఉండగా ఎందరు కుర్రాళ్లు ఆ మధ్య మెట్టు లేకుండానే దూకారో ఆలోచిస్తే మనసు మండుతుంది. మిగ్-21కి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు.

దుండిగల్‌కీ తన కథ తనకుంది. పిలాటస్‌కి ముందు ఇక్కడ హెచ్‌పీటీ-32 దీపక్ అనే విమానం ఉండేది. గాల్లో ఇంజను ఆగిపోతుందన్న చెడ్డపేరు దానికి. పైగా అందులో ఇజెక్షన్ సీటు లేదు. 2009 జులైలో మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాక ఆ రకం మొత్తాన్నీ పక్కనపెట్టేశారు. కొత్తవి వచ్చేదాకా పిల్లలకి తొలి అక్షరాలు కూడా కిరణ్ జెట్‌ల మీదే నేర్పాల్సి వచ్చింది. ఇజెక్షన్ సీట్లున్న పిలాటస్ వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. స్వదేశీ హెచ్‌టీటీ-40ల కోసం హెచ్‌ఏఎల్‌తో 70 విమానాలకి 2023 మార్చిలో ఒప్పందమూ కుదిరింది.

'పొగ మా మిద్దె మీదికెళ్లి కనబడ్డది'

బృందంలో ఓ అమ్మాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. మగపిల్లలు ఒక్కొక్కరే ఎక్కి దిగుతుంటే వెనక నిలబడి డయళ్లవైపే చూస్తోంది. తన వంతు రాగానే కూర్చుని, బెల్టు బిగించుకుని, ఓ ప్రశ్న వేసింది.

''సార్, ఇంజను బంద్ అయితే ఏం చెయ్యాల్నో అది చూపిస్తరా?''

ఎందుకమ్మా అదే అడిగావంటే... ''మాది తూప్రాన్ పక్క ఊరు సార్. ఆనాడు పొగ మా మిద్దె మీదికెళ్లి కనబడ్డది.''

గదిలో నవ్వులు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 4 ఉదయం దుండిగల్ నుంచి రోజువారీ శిక్షణ కోసం లేచిన పిలాటస్ ఒకటి మెదక్ జిల్లా తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర కూలిపోయింది. ఇన్‌స్ట్రక్టరు, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. కింద ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు. విచారణకి ఆదేశించినట్టు దళం ఆ రోజే ప్రకటించింది. సరిగ్గా పదమూడు రోజుల తర్వాత, డిసెంబరు 17న, ఇదే అకాడమీలో పట్టాల పరేడ్ జరిగింది. కొడుకుల, కూతుళ్ల భుజాలకి హోదా పట్టీలు పెట్టడానికి దేశం నలుమూలల నుంచీ తల్లిదండ్రులొచ్చారు.

ఇన్‌స్ట్రక్టర్ ఓ క్షణం ఆగి, సార్జెంటుకి తలూపారు. ఆ ప్రమాదం గురించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ''ఏ విమానమైనా ఇంజను ఆగగానే రాయిలా పడిపోదమ్మా. గాల్లో జారుతూ దిగుతుంది. నీ దగ్గర మిగిలింది రెండే... ఎత్తు, వేగం. వాటినెలా ఖర్చుపెడతావో చూద్దాం'' అన్నారంతే.

మొదటిసారి. ఇంజను చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దానికే సగం కంగారు పుడుతుంది. ఎత్తు నిలబెట్టుకోవాలని అమ్మాయి స్టిక్ లాగింది. అందరూ చేసేదదే. ముక్కు లేచింది, వేగం తగ్గిపోయింది, రెక్కలు గాలిని పట్టుకోలేక విమానం ఓ పక్కకి ఒరిగి పడింది. తెర ఆగిపోయింది.

''ముందు విమానాన్ని ఎగరనీ. ఎక్కడికి పోవాలన్నది ఆ తర్వాత. రేడియోలో చెప్పడం అన్నిటికన్నా చివర'' అని వరస చెప్పారు ఇన్‌స్ట్రక్టర్. ప్రపంచంలో ఏ పైలట్‌ని నిద్రలో లేపి అడిగినా చెప్పే వరస ఇది.

రెండోసారి ముక్కు దించి వేగం కాపాడుకుంది. కానీ పొలం ఎంచుకోవడంలో తడబడింది. మొదట ఒకటి, దగ్గరికెళ్లాక ఇంకోటి బాగుందనిపించి అటు తిప్పింది. తిప్పితే ఎత్తు ఖర్చు. రెండు పొలాలకీ మధ్య ఉన్న గట్టు మీద ముగిసింది. మూడోసారి ఎత్తు ఎక్కువైపోయి ఎంచుకున్న చోటు దాటేసింది.

మధ్యలో ఓసారి ఇన్‌స్ట్రక్టర్ ''ఇప్పుడు దూకాలి'' అన్నారు. ఆమె దూకలేదు. ఇంకాస్త ప్రయత్నిద్దామనుకుంది. ఇజెక్షన్ సీటు తయారుచేసే మార్టిన్ బేకర్ కంపెనీ సీట్లు ఇప్పటిదాకా ఏడువేల మందికి పైగా ప్రాణాలు కాపాడాయి. అయినా ఆ పిడి లాగడం తేలిక కాదు. వెన్నుపూసలు దెబ్బతినే ప్రమాదం ఉంది. కింద ఊరుంటే వదిలేసిన విమానం ఎవరింటి మీద పడుతుందోనన్న బెంగ. 'ఇంకొక్క క్షణం చూద్దాం' అన్న ఆశ అన్నిటికన్నా బలమైంది. ఫలానా ఎత్తుకి వచ్చేసరికి పరిస్థితి చెయ్యిదాటితే ఇక ఆలోచన ఉండకూడదని నేల మీదే తేల్చుకుని ఎక్కాలి. ఆ తేల్చుకోవడం కోసమే క్యాడెట్లని ఈ కుర్చీలో పదే పదే చంపుతుంటారు. అలా అన్నది సార్జెంటే, చాలా మామూలుగా.

నాలుగోసారి మట్టి రంగు పొలం ఒకటి చూసుకుని, దాన్నే పట్టుకుని వచ్చింది. నేలకి తగిలి, ఎగిరి, మళ్లీ తగిలి... కంచెకి ముందు ఆగింది. చప్పట్లు. అమ్మాయి అరచేతులు చెమటతో తడిసిపోయాయి.

సిమ్యులేటర్ చెయ్యలేనిదీ ఒకటుంది. ఫైటర్ గట్టిగా మలుపు తిరిగినప్పుడు ఒంటి బరువు ఆరేడు రెట్లయి, రక్తం కాళ్లలోకి దిగి, కళ్లకి చీకట్లు కమ్ముతాయి. కదలని కుర్చీలో అది రాదు. దానికి బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో మనిషిని గుండ్రంగా తిప్పే భారీ యంత్రం వేరే ఉంది. భయం కూడా పూర్తిగా రాదనే చెప్పాలి. ఎందుకంటే కూలినా మళ్లీ మొదలెట్టొచ్చని అందరికీ తెలుసు.

ఒక్కటే అవకాశం

ఇక్కడ ఎన్నిసార్లు కూలినా అడిగేవాళ్లు లేరు. ఇక్కడిదాకా రావడానికి పెట్టే పరీక్ష మాత్రం జన్మకొక్కటే! వైమానిక దళ సెలక్షన్ బోర్డుల్లో పైలట్ కాగోరేవారికి సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. కళ్లు, చేతులు, కాళ్లు ఒకేసారి ఎంత పొందికగా పనిచేస్తాయో చూస్తారు. అందులో తప్పితే ఫ్లయింగ్ బ్రాంచి తలుపులు శాశ్వతంగా మూసుకుపోయినట్టే. నేల మీది ఉద్యోగాలకి ప్రయత్నించుకోవచ్చు. రాతపరీక్ష ఏఎఫ్‌క్యాట్‌కి డిగ్రీ ఉండాలి, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివుండాలి, వయసు 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉండాలి. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉన్నవారికి ప్రత్యేక ప్రవేశం ఉంది.

ఆపైన టేపు పరీక్ష. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. కూర్చున్నప్పుడు ఎత్తు, కాలి పొడవు, తొడ పొడవు కూడా కొలుస్తారు. తొడ 64 సెంటీమీటర్లు దాటకూడదు. ఎందుకంటే దూకేటప్పుడు మోకాళ్లు ఎదుటి డయళ్ల బల్లకి కొట్టుకుంటాయి! చదువు పెంచుకోవచ్చు, కొలతలు మాత్రం అమ్మానాన్నలిచ్చినవే.

ఈ మాట వినగానే పిల్లలు ఒకరి తొడ పొడవు ఒకరు జానలతో కొలవడం మొదలెట్టారు. తూప్రాన్ అమ్మాయి మెల్లగా సార్జెంటు దగ్గరికెళ్లింది.

''నేను 162 ఉంటనేమో సార్.''

''ఏమో అంటే ఎలాగమ్మా!'' అంటూ ఆయన సొరుగులోంచి టేపు తీసి ఆమె స్నేహితురాలి చేతికిచ్చారు. బూట్లు విప్పి గోడకి ఆనుకుని నిలబడింది. తల మీద అట్ట పెట్టి గీత గీశారు. బయట బస్సు హారన్ కొడుతోంది.

''నూట అరవై మూడే'' అంది స్నేహితురాలు.

''మళ్లొక్కపారి సూడు'' అంది ఆ అమ్మాయి, గోడకి అలాగే ఆనుకుని.